వినబడినన్నే చెప్పమ్మా

ఆయన పోయారన్న సంగతి నాకు టిఫిన్ క్యారియర్ బేరంలో తెలిసింది.

నేను చూపించుకునే ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఒకామె బెంగళూరు కాడుగోడిలో మా స్టీలు సామాన్ల అంగడికి అప్పుడప్పుడూ వస్తుంటుంది. ఆవేళ ఒక క్యారియర్ చేతిలో పట్టుకుని, మూత వదులుగా ఉందని, పిడి నాసిగా ఉందని, నేను చెప్పిన ధరను కిందికి కిందికి లాగుతూ, మధ్యలో ఊపిరి తీసుకోవడానికన్నట్టు, "అక్కా, కింద గదిలో గుండె లెక్కపెట్టించే సారు ఉండె కదా, పోయినాడంట" అంది.

"గుండేనా?" అన్నాను.

"కాదక్కా, జ్వరమంట."

"గుండె కాదు గదా?"

"జ్వరమని చెప్తా ఉండానే!"

మూడోసారి అడిగితే బాగుండదని, ఆమె అడిగిన ధరకే క్యారియర్ ఇచ్చేశాను. ఇన్నేళ్ల వ్యాపారంలో బేరం మధ్యలో నేను చేతులెత్తేసింది అదొక్కసారే. ఆమెకే అనుమానం వచ్చి, క్యారియర్‌ను మళ్లీ నాలుగు వైపులా తిప్పి చూసుకుని మరీ తీసుకుపోయింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఉన్నప్పుడు మెడలో వేసుకునే ఆసుపత్రి పేరు బిళ్లను కూడా ఆయన తిరగేసే వేసుకునేవారు. పొట్టి మనిషి. తన గది గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, ఎవరో నిద్రపోతున్న ఇంట్లోకి వచ్చినట్టు అడుగులు వేస్తూ వచ్చేవారు. వచ్చి ముందు ఫ్యాను కట్టేసేవారు. తర్వాత గోడ గడియారం దించి, దాని వెనక సెల్లు ఊడదీసి చొక్కా జేబులో వేసుకునేవారు. "అది టక్కుటక్కుమంటా ఉంటే మనిషికి దాని లెక్కే వస్తాది, తన లెక్క రాదు" అనేవారు. నా చేతికి నిండా గాజులు. తీయమనడానికి నోరు రాక, ఒక చేతిరుమాలు తెచ్చి గాజుల చుట్టూ తనే చుట్టారు, గాయానికి కట్టు కట్టినంత మెల్లిగా.

ఆ గదికి నేనెలా చేరానంటే, భయపడి చేరాను.

మధ్యాహ్నం పూట అంగట్లో గిరాకీ పలచబడుతుంది. రోడ్డు మీద బస్సుల రొద ఉన్నా లోపల ఒక రకం నిశ్శబ్దం దిగుతుంది. సరిగ్గా అప్పుడు నా గుండె ఆగిపోయేది. ఆగిపోయినట్టు అనిపించేది అని డాక్టర్లు దిద్దుతారు. నాకు మాత్రం ఆగిపోయేది. ఎద మీద చెయ్యి వేసి చూస్తే లోపల చడీచప్పుడూ ఉండదు. వేళ్లు తిమ్మిరెక్కేవి, చూపు అంచుల నుంచి నల్లబడుతూ వచ్చేది, అరచేతుల్లో చెమట. లోకమంతా గుండె దడ ఉందని ఆసుపత్రికి పోతుంది. నేను దడ లేదని పోయేదాన్ని.

షట్టరు సగం దించి ఆటో ఎక్కేదాన్ని. ప్రాణం పోతోందనుకుంటూనే ఆటో అతనితో బేరం ఆడేదాన్ని. అదొక జబ్బు, దానికి ఏ ఆసుపత్రిలోనూ మందు లేదు. ఒకసారి ఒక ఆటో అతను నా మొహం చూసి జడుసుకుని, "మీటరు మీదే కొడతానక్కా, ఎక్కు" అన్నాడు. బెంగళూరులో ఆటో అతను అడక్కుండా మీటరుకు ఒప్పుకున్నాడంటే ఇక నాకు నూకలు చెల్లినట్టేనని ఆ రోజు దారంతా దేవుణ్ని తలుచుకుంటూ పోయాను.

ఈసీజీ తీసేవారు. బాగుందనేవారు. ఇంటికొచ్చేదాన్ని. కొన్నాళ్లకు మళ్లీ ఆటో. చివరికి డాక్టరు ఒకాయన విసుక్కోకుండా కూర్చోబెట్టి, "మీ గుండెలో లోపం లేదమ్మా. మీరు దాన్ని ఎలా వింటున్నారో చూడాలి" అన్నారు. నాలాగా ఊరికే భయపడి వచ్చేవాళ్ల మీద అక్కడ ఏదో పరిశోధన నడుస్తోందట. మనిషికి తన గుండె చప్పుడు తనకు ఎంత సరిగ్గా తెలుస్తుందో కొలుస్తారట. అలా నన్ను కింది అంతస్తులోని ఆ గదికి పంపారు.

ఆయన నా వేలికి ఒక క్లిప్పు తగిలించారు. దాని తీగ కంప్యూటరులోకి పోయింది. తెర ఆయన వైపే తిరిగి ఉంది. ఆయన మాత్రం నిలబడే ఉన్నారు.

"కాళ్లు నేలకానించమ్మా. నాడి పట్టుకోరాదు. ఎద మీద చెయ్యి పెట్టరాదు. వీపు కుర్చీకి అదిమి పట్టరాదు, అట్ల దొంగలెక్క చేసేవాళ్లు ఉండారు. నేను మొదలు అంటాను. లోపల కొట్టుకునేది వినబడితే లెక్కపెట్టుకో. చాలు అన్నప్పుడు ఎన్నో చెప్పు. వినబడినన్నే చెప్పమ్మా. తెలిసినన్ని చెప్పొద్దు."

"ఏమీ వినబడకపోతే సార్?"

"సున్నా అను. సున్నా కూడా లెక్కే."

"మొదలు" అన్నారు. కళ్లు మూసుకున్నాను. లోపలికి చెవి పెట్టాను. మూసిన అంగడి షట్టరుకు చెవి ఆనించినట్టుంది. లోపల ఎవరూ లేరు. భయం కాళ్ల నుంచి పైకి పాకడం మొదలైంది. ఎంతసేపో అలా చీకట్లో కూర్చున్నాక ఆయన "చాలు" అన్నారు.

"నలభై మూడు" అన్నాను.

అనేశాక నాకే ఆశ్చర్యమేసింది. కానీ అది నా తప్పు కాదు, నా పెంపకం. హిందూపురంలో మా నాయన అంగట్లో 'లేదు' అన్న మాట నిషేధం. ఇంట్లో కూడా ఉప్పు అయిపోతే ఉప్పు నిండుకుంది అనాలి. అడిగిన గిన్నె లేకపోతే దానికన్నా మంచిది ఉంది చూడండి అనాలి. పొద్దున్నే వచ్చినవాడికి లేదు అన్నామా, ఆ రోజు లక్ష్మి గడప దాటిపోయినట్టే. మేము పిల్లలం పలక మీద కూడా సున్నా పెట్టడానికి అటూ ఇటూ చూసేవాళ్లం. అలాంటి నోటిని సున్నా అనమంటే ఎలా అంటుంది? ఈసీజీ తీసినామె నా గుండె నిమిషానికి డెబ్బై దాకా కొట్టుకుంటోందని చెప్పి ఉంది. ఆయన ఊరుకున్నది అర నిమిషం పైచిలుకు. నలభై అంటే సరిపోను. కానీ చిల్లర లేని గుండు ధర చెప్తే ఎవరూ నమ్మరు. పక్కన ఒక మూడు తగిలిస్తే లోపల ఏదో నిజమున్నట్టు ఉంటుంది. ఇదంతా నేను ఆలోచించి చేయలేదు. నాలుకే చేసింది.

ఆయన తెర వంక చూసి కనుబొమలు ఎత్తారు. వేరే వేరే నిడివుల్లో ఇంకా కొన్నిసార్లు పెట్టారు. అన్నిసార్లూ నేను ధర చెప్పాను, అన్నిసార్లూ దాదాపు గిట్టుబాటయింది.

పై అంతస్తు డాక్టరు సంతోషించారు. "మీ గుండె మీకు చక్కగా వినబడుతోందమ్మా. ఇక భయమెందుకు? ఏ తేడా వచ్చినా ముందు మీకే తెలుస్తుంది. ధైర్యంగా ఉండండి" అన్నారు.

నేనమ్మిన నాసిరకం సరుకును నాకే ధైర్యమని కాగితంలో చుట్టి తిరిగి ఇచ్చారన్నమాట. మెట్రోలో ఇంటికి వస్తూ లెక్క వేసుకున్నాను. ఇదివరకు నాకు వినబడదని నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు డాక్టరు కూడా లేని చెవిని నమ్ముకుని కూర్చున్నారు. రేపు అది నిజంగా ఆగిపోతే? ఎవరు చెప్తారు?

ఆ భయంతోనే ఉండగా ఆయనే ఫోన్ చేశారు. "ఒకసారి వచ్చిపోమ్మా. కాఫీ బై-టూ చేసుకుందాం."

ఆయన కాఫీ ఎప్పుడూ బై-టూనే. ఒక కప్పు రెండు గ్లాసుల్లోకి పోయించి, సగమే తాగేవారు. మిగతా సగానికి మనిషి దొరక్కపోతే కాఫీయే మానేసేవారు. పిసినారి అనుకుని, మనవాడే అని లోలోపల మెచ్చుకున్నాను.

వెళ్లానో లేదో, "మెట్లెక్కి పైదాకా పోయి గబగబా దిగి రా" అన్నారు. లిఫ్టు పక్కనే ఉంది. ఎందుకని అడిగితే నవ్వారు. ఎక్కి దిగి, రొప్పుతూ కుర్చీలో పడ్డాను. రొప్పు తెలుస్తోంది, గొంతు ఎండటం తెలుస్తోంది, గుండె మాత్రం తెలియడం లేదు. "మొదలు" అన్నారు. "చాలు" అన్నారు.

"నలభై ఒకటి."

ఆయన తెర నా వైపు తిప్పారు. అరవై దాటి ఉంది.

"నువ్వు నాకు గుండె అమ్మలేదమ్మా, గడియారం అమ్మినావు. గోడ మీద దాని సెల్లు తీసినా. నీలో దానికి సెల్లు యాడుండాదో తెలీలా."

"మరి పోయినసారే ఎందుకనలేదు సార్?"

"నిజంగా వినబడేవాళ్లు చెప్పే ముందు మొహం చిట్లిస్తారు. ఒకటి అటో ఇటో అని నసుగుతారు. నువ్వు రేటు చెప్పినట్టు టపీమని చెప్తివి. నాకు ఆ పొద్దే తిక్కతిక్కగా ఉండె."

దొరికిపోయిన వ్యాపారికి నిజం చెప్పడం చవక. లేదు అనకూడదన్న మా అంగడి నీతి చెప్పాను. ఆయన నవ్వారు. ఆ నవ్వు చూసి, ఎవరికీ చెప్పనిది కూడా చెప్పాను.

బేరంలో మా నాయన ఆయుధం మౌనం. ధర చెప్పి ఊరుకునేవాడు. ఎదుటివాడు నాలుగు మాటలని, అయిదోదానికి తనే ఒక మెట్టెక్కేవాడు. ఒకరోజు పెళ్లివారికి కావలసిన పెద్ద ఇత్తడి గంగాళం బేరం. నాయన ధర చెప్పి, గోడకు జారబడి, అలవాటుగా ఊరుకున్నాడు. కొనేవాడు ఒకసారి పెంచాడు. నాయన ఉలకలేదు. ఇంకోసారి పెంచాడు. "ఏం మనిషప్పా, రాయి!" అన్నాడు. నేను పక్కనే మూతలు సర్దుతూ, మా నాయన గట్టితనానికి లోలోపల మురిసిపోతున్నాను. కొనేవాడు కోపంతో భుజం తట్టేదాకా ఇద్దరికీ తెలియలేదు.

"పక్కనే ఉన్న నాకే తెలియలేదు సార్. అంత నిశ్శబ్దంగా ప్రాణం పోతుందని... అందుకే అంగడి సద్దుమణిగితే నాకు చేతులు చల్లబడతాయి."

ఆయన నవ్వు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. "ఆయనకు తెలిసిండునా?" అన్నారు.

"ఏమిటి?"

"ఆగేది. లోపల. ఆయనకు ముందుగా తెలిసిండునా?"

గిరాకీల మొహాలు చూసి బతికినదాన్ని నేను. వద్దు వద్దంటూనే వస్తువు మీంచి కన్ను తీయని మనిషిని వీధి అవతలి నుంచే పట్టుకుంటాను. ఈయన అడిగింది మా నాయన కోసం కాదు.

"సార్, మీకెన్ని వినబడతాయి?"

"నేను కూర్చోను."

"ఎందుకని?"

"పరీక్ష పెట్టేవాళ్లు కూర్చోరాదు."

"ఎవరన్నారట్లని?"

"ఎవరనల్ల? నేనే అంటా ఉండాను."

పోయినసారీ ఈసారీ ఆయన ఆ కుర్చీలో కూర్చోవడం నేను చూడలేదు. అది ఖాళీగా ఉన్నా గోడకానుకుని నిలబడే కాఫీ తాగారు. "మొత్తం వద్దు సార్" అన్నాను. "బై-టూ చేద్దాం. నాకు పెట్టినదాంట్లో సగమే. మొదలు నేనంటాను, చాలు కూడా నేనే అంటాను. మీకు నష్టం లేదు."

"నీ అంగట్లో నేను చెంచా కూడా కొననమ్మా" అంటూనే కూర్చున్నారు. క్లిప్పు తనే పెట్టుకున్నారు. తెర నా వైపు ఉంది. దాని మీద పచ్చటి గీత లేచి పడుతోంది.

"మొదలు" అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని పైకే లెక్కపెట్టారు. ఒకటి అన్నారు, గీత లేచింది. రెండు అన్నారు, లేచింది. నోటికీ గీతకూ మధ్య కాగితం పెట్టే సందు లేదు. పదో పదకొండో అయ్యాక ఆయన ఆగి, "ఇది రాలేదు" అన్నారు. తెర మీద గీత నేలబారుగా సాగిపోతోంది. ఊపిరి బిగబట్టాను. "ఇప్పుడు పెద్దదొస్తాది చూడు" అన్నారు కళ్లు తెరవకుండానే. వచ్చింది. మిగతా వాటికన్నా ఎత్తుగా లేచి పడింది.

నేను "చాలు" అనలేదు. ఆయనే క్లిప్పు లాగేశారు.

"ఎప్పటి నుంచి సార్ ఇది?"

"శానా ఏండ్లుగా. బస్సులో, అన్నం తినేటప్పుడు, ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు. ఇప్పుడు నీతో మాట్లాడతా ఉండానే, వెనకాల అది నడుస్తానే ఉండాది. కాఫీ నిండుగా తాగితే ఇంకా గట్టిగా వస్తాది. తప్పిన ప్రతిసారీ అయిపాయ అనుకుంటాను. ఒక్కోసారి తర్వాతది వచ్చేలోపల ఇంట్లో ఎవరికేం చెప్పల్లో అంతా తలుచుకుంటాను."

"డాక్టరుకు చూపించలేదా? పై అంతస్తే గదా!"

"పై అంతస్తే. దినాము పోదామనే అనుకుంటాను."

"మరి?"

"చూసి, ఉండాది అంటే?"

ఆయనకు ప్రతి దెబ్బా వినబడుతుంది. నాకు ఒక్కటీ వినబడదు. ఇద్దరి అరచేతులకూ చెమట ఒకటే. ఆ గదిలో గాలి కూడా లేదు, ఫ్యాను కట్టేసి ఉంది.

భయం ముదిరితే నాకు బేరమే వస్తుంది. "సార్, ఒక మాట. ఇద్దరం పైకి పోదాం. నాకు వచ్చింది సున్నా అని నేను చెప్తాను. మీది మీరు చెప్పండి. సరుకుకు సరుకు."

"నీది చెప్పడం సులువమ్మా."

"సులువా? మా నాయన బతికుండి వింటే నన్ను అంగట్లోంచి గెంటేసేవాడు."

మెట్లు ఎక్కాం. ప్రతి మలుపులోనూ ఆయన ఆగి, చేతులు కడుక్కోవడం గురించి గోడకంటించిన నోటీసును రేపు పరీక్ష ఉన్నవాడిలా చదివారు. పైన నేను ముందు వెళ్లి డాక్టరుకు నా సున్నా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ఇది చెప్పడమే మంచిది. దీన్నిబట్టి ఏం చేయాలో చూద్దాం" అన్నారు. నేను బయటికి వచ్చేసరికి ఈయన వరండాలో బల్ల మీద లేరు. మెట్ల దగ్గర ఉన్నారు.

"రేపు చూపిస్తాను. ఈ పొద్దు జనం శానా ఉండారు."

బల్ల మీద ఒక ముసలాయన తప్ప ఎవరూ లేరు.

"రేపు ఈ రేటుండదు సార్."

"నీకు తెలీదమ్మా. లోపలికి పోయేటప్పుడు బాగుండే మనిషి, బయటికొచ్చేటప్పుడు రోగి అయి వస్తాడు. నేను చూస్తానే ఉండాను దినాము."

"మీరు లోపలికి పోకపోయినా రోగే కదన్నా" అన్నాను. సారు అనాల్సింది అన్నా అని వచ్చింది. ఆయన నా వైపు చూశారు. దెబ్బలాడతారనుకున్నాను. చెప్పులు విడిచి, తలుపు తోసి, లోపలికి పోయారు.

బల్ల మీద నేనొక్కదాన్నే మిగిలాను. ముసలాయన కూడా వెళ్లిపోయారు. వరండా సద్దుమణిగింది. అప్పుడు మొదలైంది నాకు. వేళ్లు తిమ్మిరెక్కాయి. చూపు అంచులు నల్లబడ్డాయి. లేచి పరుగెత్తాలని, కిందికి పోయి ఎవరినైనా పట్టుకోవాలని కాళ్లు లాగుతున్నాయి. కానీ ఆ తలుపు తెరుచుకునేసరికి బల్ల ఖాళీగా కనబడితే ఆ మనిషి ఏమైపోతారు? పంపింది నేను. రెండు చేతులా బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. చస్తే ఇక్కడే చస్తాను, ఆసుపత్రే గదా, ఆటో ఖర్చు కూడా లేదు అనుకున్నాను. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. చావలేదు. మెల్లగా వేళ్లలోకి స్పర్శ వచ్చింది. ఆటో ఎక్కకుండా, ఈసీజీ లేకుండా అది దానంతటదే పోవడం నాకు అదే మొదలు.

తలుపు తెరుచుకుంది. ఆయన మొహం చెమటతో తడిసి ఉంది.

"అట్ల ఒకటి తప్పడం శానామందికి ఉంటాదంట. ఒంటికి ఒక యంత్రం కట్టి పంపుతారంట, అది రేపటిదాకా రాసుకుంటాదంట. అదీ బాగుంటే మందు కూడా అక్కర్లేదంట" అన్నారు. చెప్పులేసుకోవడం మరిచిపోయి నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చారు.

నేను మళ్లీ వెళ్లేసరికి ఆ యంత్రం ఫలితం కూడా వచ్చింది. ప్రమాదం లేదన్నారట. నాకు శుభవార్త చెప్పి, దానికి సంతోషించకుండా, ఎవరో పిలిచినట్టు ఆగిపోయారు.

"తప్పిందా అన్నా?"

"ఊఁ."

"ఇంకా భయమేస్తుందా?"

"ఎందుకెయ్యదు? డాక్టరు పొమ్మంటే పోయే భయమా ఇది?"

కాసేపు గడియారం సెల్లును అరచేతిలో దొర్లిస్తూ కూర్చున్నారు. అవును, కూర్చున్నారు. తర్వాత నేల వంక చూస్తూ చెప్పారు. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే దిండులోంచి గుండె మరీ గట్టిగా వినబడుతుందని, ఏళ్ల తరబడి ఆయన అటు తిరగలేదు. భార్య పడుకునేది అటే. ఇన్నేళ్లూ ఆమెకు ఆయన వీపే. 'నా మీద ఏదో కోపం పెట్టుకున్నాడు, అడిగితే చెప్పడు' అని ఆమె చుట్టాలందరి దగ్గరా బాధపడేదట.

"నిన్న తిరిగినానమ్మా."

"ఏమైంది?"

"దిండంతా అదే చప్పుడు. రెండు మార్లు తప్పింది కూడా. ఆమె కండ్లు తెరిచి, ఏమయ్యా, ఏమైంది, ఇట్ల తిరిగినావే అనింది."

"మీరేమన్నారు?"

"నాకు భయమైతా ఉండాదే అంటిని." సెల్లు జేబులో వేసుకున్నారు. "అని, మళ్ల ఆమెకు వీపు తిప్పలేదు. తెల్లారేదాకా అట్లనే ఉండినా."